బుడమేరుకి, కొల్లేరుకి చట్టంలో హక్కులిస్తే ఏమన్నా మారుతుందా?

సింగ్‌నగర్ వాసి:
2024 సెప్టెంబర్ వరదలో మా కింద పోర్షన్ మొత్తం మునిగింది, ఆ బురద గోల మళ్లీ చెప్పను. అప్పట్నుంచి బుడమేరు గురించి ఏది కనపడినా చదువుతున్నా. న్యూజిలాండ్‌లో 2017లో వాంగనూయి అనే నదిని చట్టం చేసి మరీ ఒక వ్యక్తిగా గుర్తించారంట, స్పెయిన్‌లో 2022లో మార్ మెనోర్ అనే ఉప్పునీటి సరస్సుకి కూడా అదే హోదా ఇచ్చారంట, అదైతే జనమే 5 లక్షల పైన సంతకాలు పెట్టి తెచ్చుకున్న చట్టం. మన బుడమేరు పోయి కలిసేది కొల్లేరులోనే కదా, ఈ రెంటికీ అలా చేస్తే ఆక్రమణలు ఆగుతాయా, లేక పేపర్లో ఫొటో పడేదాకేనా? లా తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గుంటూరు వకీలు:
అంత దూరం వెళ్లక్కర్లేదండి, మన చట్టంలో గుళ్లో దేవుడు ఎప్పట్నుంచో వ్యక్తే, ఆయన పేరు మీద పొలాలుంటాయి, ఆయన పేరుతోనే కేసులు నడుస్తాయి. నదులకొస్తే 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలకి ఇదే హోదా ఇచ్చింది, జులైకల్లా సుప్రీంకోర్టు స్టే. అప్పీలుకెళ్లింది ఎవరనుకున్నారు, ఆ రాష్ట్ర ప్రభుత్వమే. రేపు వరదొచ్చి జనం నష్టపోయి నది మీద కేసేస్తే పరిహారం ఎవడు కట్టాలి అనేది వాళ్ల వాదనల్లో ఒకటి. ఆ లెక్కన మీ ఫ్రిజ్ పోయినందుకు మీరు బుడమేరు మీద దావా వేయొచ్చు!
2020లో చండీగఢ్ సుఖ్నా సరస్సుకి పంజాబ్ హర్యానా హైకోర్టు, 2022లో ఏకంగా ప్రకృతి మొత్తానికి మద్రాస్ హైకోర్టు ఇచ్చాయి. కానీ చూడాల్సింది గార్డియన్, అంటే నది తరఫున మాట్లాడేది, ఎవరా అని. ఉత్తరాఖండ్‌లో పెట్టినవాళ్లలో చీఫ్ సెక్రటరీ, అడ్వకేట్ జనరల్ ఉన్నారు, అంటే ప్రభుత్వం మీద కేసు వేయాలంటే గంగమ్మ ప్రభుత్వ లాయర్నే బతిమాలుకోవాలి. వాంగనూయికి ఇద్దరు, ఒకరిని ప్రభుత్వం, ఒకరిని అక్కడి మావోరీ తెగలు ఎంచుతాయి, పైగా నది బాగు కోసం 3 కోట్ల డాలర్ల ఫండ్.

బెజవాడ బ్రో:
దేవుడి మాన్యాలు ఎన్ని మింగేశారో కూడా చెప్పండి సార్ అదే నోటితో.

లంక కుర్రోడు:
మాది కైకలూరు వైపు, ఉద్యోగం బెజవాడలో. కొల్లేరుకి చట్టాలు తక్కువై ఇలా అవ్వలేదండీ. 1999లో +5 కాంటూరు (సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సార్ సైట్, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేల అన్నారు, 2006లో పొక్లెయిన్లు దింపి చేపల చెరువుల గట్లు కొట్టేశారు, మళ్లీ చెరువులొచ్చాయి. అక్కడ పెట్టుబడి బయటోళ్లది, లీజు డబ్బులు కొంత మనోళ్లకి, తిట్లు మాత్రం మొత్తం మనకే. ఇంకోటి, ఆ కాంటూరు లోపల జిరాయితీ పట్టాలున్నోళ్లు ఉన్నారు, మా ఇంట్లోనూ ఉంది, సరస్సుకి హక్కు ఇచ్చిన రోజు మా పట్టా హక్కు సంగతేంటో ముందు చెప్పాలి. గార్డియన్‌గా ఆఫీసర్ని కాకుండా వలేసుకుని బతికే లంకల మనిషిని కూచోబెడతానంటే మొదటి సంతకం నాదే.

సింగ్‌నగర్ వాసి:
పట్టా పాయింట్ నేను ఆలోచించలేదు బ్రో. వకీలు గారూ, మరి ఈలోగా మేం చేయగలిగింది ఏమన్నా ఉందా?

గుంటూరు వకీలు:
ఉంది. వాగుకి హక్కు కంటే ముందు హద్దు తేలాలి. మీ ఏరియాలో బుడమేరు వెళ్లే సర్వే నంబర్లకి ఎఫ్ఎంబీ (హద్దుల కొలతలుండే సర్వే పటం) కాపీలు ఆర్‌టీఐలో అడగండి, పాత వెడల్పు ఎంత, ఇప్పుడెంత అనేది అక్కడే దొరుకుతుంది. చెరువులు, ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణల మీద సుప్రీంకోర్టు 2001లో హించ్ లాల్ తివారీ కేసులో, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పులున్నాయి, వాటితో చెన్నైలో ఉన్న ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) బెంచ్‌కి వెళ్లొచ్చు. ఒక్కరు కాకుండా కాలనీ అసోసియేషన్ పేరున వెళ్లండి.

సింగ్‌నగర్ వాసి:
థాంక్సండీ. ఎఫ్ఎంబీ ఏ ఆఫీసులో అడగాలి?

లంక కుర్రోడు:
తహసీల్దార్ ఆఫీసులో, మండల సర్వేయర్ దగ్గర. సర్వే నంబర్లు ముందే రాసుకుని వెళ్లు బ్రో, లేకపోతే రేపు రమ్మంటారు.