ప్రోటీన్ తింటే మెదడులో సెరోటోనిన్ పెరగాలి కదా?

శ్రావణి:
న్యూట్రిషన్ చదువుతున్నాను. మెదడులో సంకేతాలు మోసే సెరోటోనిన్ అనే రసాయనం తయారయ్యేది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచే, అది దొరికేది ప్రోటీన్‌లోనే. కానీ పిండిపదార్థాలు తింటేనే మెదడులో సెరోటోనిన్ పెరుగుతుందని మా పాఠంలో ఉంది. ఎలా? డైటింగ్ చేస్తే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ స్పందన మారుతుందని కూడా రాశారు. దానికీ దీనికీ ఏం సంబంధం? బట్టీ పట్టడం ఇష్టం లేక అడుగుతున్నాను.

మాధవి:
బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతుంటాను శ్రావణి గారూ. క్లాసులో ముందు బోర్డు మీద ఒక భిన్నం రాస్తాను. పైన ట్రిప్టోఫాన్, కింద టైరోసిన్, ఫినైల్‌అలనిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే ఇతర అమైనో ఆమ్లాలు. ఇవన్నీ ఒకే రవాణా ప్రోటీన్ ద్వారా రక్తం నుంచి మెదడులోకి వెళ్లాలి, కాబట్టి వాటి మధ్య పోటీ. ఆహారంలోని ప్రోటీన్‌లో ట్రిప్టోఫాన్ చాలా తక్కువ. అందుకే ప్రోటీన్ తిన్నాక కింది అంకె ఎక్కువగా పెరిగి భిన్నం తగ్గుతుంది.

పిండిపదార్థాలు తింటే ఇన్సులిన్ విడుదలై ల్యూసిన్ లాంటివాటిని కండరాల్లోకి పంపేస్తుంది. ట్రిప్టోఫాన్ చాలావరకు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి అంతగా తగ్గదు. భిన్నం పెరుగుతుంది. మెదడులో సెరోటోనిన్ తయారుచేసే ఎంజైమ్‌కు ఎప్పుడూ సరిపడా ముడిసరుకు అందదు, అందుకే ట్రిప్టోఫాన్ కాస్త ఎక్కువ వచ్చినా తయారీ పెరుగుతుంది. 1971, 72లలో ఫెర్న్‌స్ట్రామ్, వర్ట్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించింది ఇదే.

అయితే భోజనంలో కొద్దిగా ప్రోటీన్ కలిసినా ఈ ప్రభావం చాలావరకు పోతుంది. తీపి తింటే సెరోటోనిన్ పెరిగి మూడ్ బాగుపడుతుందని రాసేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు. చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇక ప్రొలాక్టిన్. మనిషి మెదడులో సెరోటోనిన్ పనితీరును నేరుగా కొలవడం చాలా కష్టం. సెరోటోనిన్ సంకేతం అందితే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ వదులుతుంది. అందుకని సిరలోకి ట్రిప్టోఫాన్ ఎక్కించి, అది ఎంత ప్రొలాక్టిన్ వదులుతుందో చూస్తారు. మూడు వారాలు తక్కువ కేలరీలు తిన్న ఆరోగ్యవంతులైన స్త్రీలలో ఆ స్పందన పెరిగింది, పురుషుల్లో పెరగలేదు. రక్తంలో ట్రిప్టోఫాన్ తగ్గినందుకు సెరోటోనిన్ సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు మరింత సున్నితంగా మారాయన్నది దీనికి ఇచ్చిన వివరణ. స్పందన పెరిగిందంటే సెరోటోనిన్ పెరిగిందని కాదు. మా పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

కిరణ్:
మేడమ్, డిప్రెషన్‌కు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (మెదడులో సెరోటోనిన్ ప్రభావం పెంచే మందు) వాడుతున్నాను. ట్రిప్టోఫాన్ క్యాప్సూల్స్ కూడా వేసుకుంటే త్వరగా తగ్గుతుందా?

మాధవి:
దయచేసి మీ అంతట మీరు వేసుకోకండి కిరణ్ గారూ. రెండూ కలిస్తే సెరోటోనిన్ హద్దు దాటి వణుకు, చెమటలు, జ్వరం, అయోమయం రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టర్‌నే అడగండి, మందు మాత్రం ఆపకండి.

మీ మందు పనిచేయడానికి ట్రిప్టోఫాన్ అవసరమన్నది నిజమే. 1990లో డెల్గాడో అనే పరిశోధకుడి బృందం, మందులతో కోలుకున్న 21 మందికి ట్రిప్టోఫాన్ లేని అమైనో ఆమ్లాల పానీయం ఇచ్చింది. వాళ్లలో 14 మందికి కొన్ని గంటల్లోనే డిప్రెషన్ లక్షణాలు తిరిగొచ్చాయి. మామూలు భోజనం మొదలుపెట్టాక ఒకటి రెండు రోజుల్లో కుదుటపడ్డారు. అది ల్యాబ్‌లో కావాలని తెచ్చిన కొరత. రోజూ సరిగ్గా తినేవాళ్లకు అలా జరగదు, టెన్షన్ పడకండి.

శ్రావణి:
భిన్నంలా చూస్తే వెంటనే అర్థమైంది మేడమ్. ప్రొలాక్టిన్ పేరా మాత్రం ఇంకోసారి చదవాలి.