జాఫ్నా వెళ్లొచ్చిన జవాను కథ, 12వ పేజీ దగ్గర ఆగిపోయింది
మా కథలో పెద్దాయన మాధవరం మనిషి. 1987 అక్టోబరులో, శ్రీలంకకి వెళ్లిన మన శాంతి సేనతో అక్కడి జాఫ్నాలో ఉన్నప్పుడు, చీకట్లో గొళ్లెం చప్పుడైతే కాల్చేస్తాడు, తీరా చూస్తే తలుపు వెనక ఉన్నది ఓ ముసలమ్మ. ఇప్పటికీ ఇంట్లో ఎవరు గొళ్లెం తీసినా ఆయన చేతిలో అన్నం ముద్ద నోటిదాకా వెళ్లకుండా ఆగిపోతుంది.

ముందు ఫ్లాష్‌బ్యాక్‌గా రాశా, సినిమాలా వచ్చింది. 'నేను' అని రాస్తే జాలి కోసం అడుక్కున్నట్టుంది. మనవరాలికి చెప్పినట్టు రాస్తే మరీ అబద్ధం, ఏ తాత చెప్తాడండీ ఇలాంటిది! పైగా ఆ రాత్రి ఆయనకి ఒక్కోసారి ఒక్కోలా గుర్తొస్తుంది, అది పోకూడదు.

కాల్పుల సీను అసలు రాయకుండా గొళ్లెం చప్పుడుతోనే నడిపిస్తే పాఠకుడికి అందుతుందా, లేక ఒక్కసారైనా చూపించాల్సిందేనా?