వేడెక్కితే ఆగిపోతున్న స్పోర్ట్స్ బైక్: ముందు ఏ కాయిల్ చూడాలి?

మాది కావలి. నాది 200 సీసీ స్పోర్ట్స్ బైక్, ఫ్యూయల్ ఇంజెక్షన్, లిక్విడ్ కూలింగ్, 31 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, హైవే మీద 90లో వెళ్తున్నా ఏ ఇబ్బందీ లేదు, కానీ కోవూరు దాటి పెన్నా వంతెన మీదుగా నెల్లూరు ట్రాఫిక్‌లోకి దిగి పది నిమిషాలు నెమ్మదిగా నడిపితే చాలు, కుదుపు కూడా లేకుండా స్విచ్ కట్టేసినట్టు ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. ఇరవై నిమిషాలు నీడలో పెడితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్.

రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోంది, టెంపరేచర్ మీటర్ సగం దాటడం లేదు. కూలెంట్, స్పార్క్ ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. బ్యాటరీ 12.6 వోల్టులు. ట్యాంకు మూత తీసి చూసినా తేడా లేదు. ఆగినప్పుడు తాళం తిప్పితే ఫ్యూయల్ పంపు శబ్దం వస్తోంది, ప్లగ్ బయటకు తీసి చూస్తే మాత్రం స్పార్క్ లేదు, చల్లారాక వస్తోంది. మెకానిక్ ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) మార్చమంటున్నాడు, ఆ ఖర్చు తలుచుకుంటే బండి మీద మోజు సగం పోతోంది (సగమే లెండి).

వేడికి స్పార్క్ పోయే ఈ సమస్య వచ్చినవాళ్లు చెప్పండి, ఈసీయూ జోలికి పోకముందు పికప్ కాయిల్ (ఇంజన్ తిరగడాన్ని పసిగట్టి ఈసీయూకి సిగ్నల్ పంపేది) మార్చి చూడాలా, ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కి హై వోల్టేజ్ ఇచ్చేది) మార్చి చూడాలా?