బానిసత్వం రద్దయ్యాక కూడా అమెరికా నల్లవారు భూమి ఎందుకు అడిగారు?

ఓరుగల్లు విద్యార్థిని:
నేను ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా పాఠంలో 'స్వేచ్ఛ' అనే మాట దగ్గర ఆగిపోయాను. బానిసల్ని ఉంచుకోవడం తమ స్వేచ్ఛ అని దక్షిణాది తోటల యజమానులు అన్నారు. సరే, 1865 డిసెంబర్‌లో అమెరికా రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చి బానిసత్వం పోయింది. అక్కడితో గొడవ తీరాలి కదా? మరి 'నలభై ఎకరాలు' అంటూ భూమి ఎందుకు అడిగారు? పరీక్ష కోసం కాదు, నాకు నిజంగా అర్థం కావాలి.

తెనాలి మాస్టారు:
అమ్మా, మీ ప్రశ్నకు జవాబు ఆ సవరణ కంటే ముందే, ఉత్తర, దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధం ఇంకా సాగుతుండగా, 1865 జనవరి 12 రాత్రి జార్జియా రాష్ట్రంలోని సవానా పట్టణంలో వచ్చింది. ఉత్తరాది ప్రభుత్వ యుద్ధ మంత్రి స్టాంటన్, సేనాని జనరల్ షెర్మన్ ఇరవై మంది నల్లజాతి చర్చి పెద్దల్ని పిలిచి కూర్చోబెట్టి, బానిసత్వం అంటే ఏమిటి, స్వేచ్ఛ అంటే ఏమిటి అని అడిగారు. వాళ్ళ తరఫున మాట్లాడింది గారిసన్ ఫ్రేజియర్. ఆయనకు 67 ఏళ్ళు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు వెయ్యి డాలర్లు పోసి తననీ తన భార్యనీ కొనుక్కున్నాడు. తనను తాను కొనుక్కున్న మనిషండీ, స్వేచ్ఛ ఖరీదు ఆయనకు తెలియదా!

అవతలి మనిషి సమ్మతి లేకుండా, ఎదిరించలేని బలంతో అతని పనిని తీసుకోవడమే బానిసత్వం అన్నాడాయన. మా కష్టం ఫలితం మాకు దక్కడం స్వేచ్ఛ అన్నాడు. అందుకు ఏం కావాలంటే, భూమి కావాలి, మేమే దున్నుకుంటాం అన్నాడు. నాలుగు రోజులకు షెర్మన్ ఉత్తర్వు వచ్చింది. సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ దక్షిణం నుంచి ఫ్లోరిడా దాకా తీరం వెంబడి భూములు విముక్తులకు ఇవ్వాలని, కుటుంబానికి నలభై ఎకరాలకు మించకుండా. సుమారు నలభై వేల మంది అక్కడ స్థిరపడ్డారు.

మా నాన్న కౌలు రైతు. నూర్పిళ్ళ రోజు ఆసామి మనిషి కుంచం పట్టుకొని కళ్ళంలో కూర్చునేవాడు. నాన్న గింజ ముట్టుకోకుండా పక్కన నిలబడేవాడు. ఫ్రేజియర్ మాట చదివినప్పుడల్లా నాకు ఆ కళ్ళమే కనిపిస్తుంది.

హ్యూస్టన్ నుంచి లక్ష్మి:
మాస్టారూ, మా ఊరికి దగ్గర్లోనే గాల్వెస్టన్ ఉంది. 1865 జూన్ 19న ఉత్తరాది సైన్యం అక్కడ చదివిన ఉత్తర్వులో మీరంతా స్వతంత్రులు అని ఉంది. అదే కాగితంలో, ఇప్పుడున్న చోటే నెమ్మదిగా ఉండి కూలికి పని చేసుకోండి అని కూడా ఉంది. నన్ను ఆ రెండో వాక్యం బాధపెడుతుంది. ఎందుకంటే చాలామందికి స్వేచ్ఛ అంటే కదలడం. అమ్మేసిన తల్లినీ, పిల్లల్నీ వెతుక్కుంటూ వెళ్ళడం. న్యూ ఆర్లీన్స్‌లో ఒక చర్చి పత్రిక 1877 నుంచి దశాబ్దాల పాటు అలాంటి ప్రకటనలు వేసింది. యజమాని పేరు, అమ్మిన ఊరు, అప్పటి పిల్లవాడి వయసు. బానిసత్వం పోయి పన్నెండేళ్ళు దాటినా ఇంకా వెతుకుతున్నారు. రెండు మూడు ప్రకటనలు చదివేసరికి నాకు గొంతు పూడుకుపోయింది.

ఓరుగల్లు విద్యార్థిని:
అక్కా, ఇది మా పుస్తకంలో లేదు. మాస్టారూ, ఆ భూములు ఏమయ్యాయి?

తెనాలి మాస్టారు:
వెనక్కి లాక్కున్నారమ్మా. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ పాత యజమానుల్ని క్షమించి భూములు తిరిగి ఇప్పించాడు. ఆ కబురు చెప్పడానికి అక్టోబర్‌లో, విముక్తుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ అధిపతి జనరల్ హొవార్డ్ సౌత్ కరోలినా తీరంలోని ఎడిస్టో ద్వీపానికి వెళ్ళి, యజమానుల్ని క్షమించండి అని బతిమాలాడు. అక్కడి విముక్తుల కమిటీ రాసిన జవాబు మీరు తప్పక చదవాలి. నన్ను చెట్టుకు కట్టి 39 కొరడా దెబ్బలు కొట్టినవాణ్ణి, నా తల్లినీ చెల్లినీ కొట్టినవాణ్ణి, తన పొలం చేస్తే తప్ప ఖాళీ గుడిసెలో కూడా ఉండనివ్వనివాణ్ణి ఎలా క్షమించను అని అడిగారు.

అదే ఏడాది దక్షిణాది రాష్ట్రమైన మిస్సిసిపీ చేసిన చట్టం ప్రకారం, జనవరి నాటికి పని ఉన్నట్టు కాగితం చూపించలేని నల్లవాడు దోషి. తర్వాత పత్తి పాలుకు చేసుకునే పద్ధతి పాతుకుపోయింది. విత్తనం, తిండి అప్పు మీద తెచ్చుకోవాలి. పద్దు రాసేది భూస్వామో, దుకాణదారో. పత్తి తూచాక చాలామందికి మిగిలింది పై ఏటికి అప్పే.