మా ఆడ ల్యాబ్ 36 కిలోలు ఉంది. ఏ జాతి కుక్క ఎంత బరువుండాలి?

మల్లి_వాళ్లింట్లో
నమస్తే అండీ. మా మల్లి ఆడ ల్యాబ్రడార్, రెండేళ్లు నిండాయి. మొన్న టీకాకి తీసుకెళ్తే తూకం 36 కిలోలు చూపించింది. డాక్టరుగారు “కాస్త తగ్గించండమ్మా” అన్నారు. ఈలోపే ఇంకో కుక్కని లోపలికి తెచ్చేశారు, వివరంగా అడగడానికి వీలు కాలేదు. ఇంటికొచ్చి వెతికితే ఒకచోట ఆడ ల్యాబ్ 25–32 కిలోలు అని ఉంది, ఇంకోచోట బరువు ఊసే లేదు, ఎత్తు మాత్రమే ఇచ్చారు. మా అత్తగారేమో “దాని ఎముకే పెద్దది, నోరు కట్టేయకు” అంటున్నారు. ఖాళీ గిన్నె ముందు కూర్చుని అది నా మొహంలోకి చూస్తుంటే నాకూ ప్రాణం ఒప్పదు. కానీ రేపు దాని కీళ్లు పాడైతే చూడలేను. ఏ లెక్క నమ్మాలో చెప్పండి. మా అన్నయ్య వాళ్ల పగ్ 11 కిలోలు ఉంది, అదీ ఎక్కువేనా?

షెపర్డ్_ఇంటి_మనిషి
మాది మగ జర్మన్ షెపర్డ్, 37 కిలోలు. కుక్కల జాతులకి ప్రమాణాలు ఇచ్చే అంతర్జాతీయ సంఘం ఎఫ్‌సీఐ ప్రకారం ఈ జాతిలో మగవి 30–40, ఆడవి 22–32 కిలోలు. ఒకే జాతిలో మగకీ ఆడకీ అంత తేడా ఉంటుంది కాబట్టి ముందు అది చూసుకోండి. కంటితో చూసి బరువు చెప్పడం కూడా కష్టమేనండీ. సైబీరియన్ హస్కీ ఒంటినిండా బొచ్చుతో మా వాడంత కనిపిస్తుంది గానీ, మగ హస్కీ 20–27 కిలోలే. రాట్‌వైలర్ ఎత్తులో మా వాడికి కాస్త అటూఇటుగా ఉంటుంది, బరువు మాత్రం మగది 50 కిలోల దాకా తూగుతుంది.

తూకం_దగ్గరుండే_అమ్మాయి
మల్లి వాళ్లమ్మగారూ, నేను పశువుల డాక్టరు దగ్గర అసిస్టెంటుగా చేస్తున్నాను. వచ్చిన ప్రతి కుక్కనీ తూకం ఎక్కించేది నేనే. మీ ప్రశ్న నేను రోజూ వినేదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీరు చూసిన రెండూ సరైనవే. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ల్యాబ్‌కి బరువు కూడా ఇచ్చింది: మగవి 29–36, ఆడవి 25–32 కిలోలు. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఎత్తుతో సరిపెట్టింది: మగవి 56–57 సెంటీమీటర్లు, ఆడవి 55–56. పని కోసం పెంచిన ల్యాబ్‌లు సన్నగా, పొడుగు కాళ్లతో ఉంటాయి. ప్రదర్శనల కోసం పెంచినవి దిట్టంగా, వెడల్పు ఛాతీతో ఉంటాయి. ఎత్తు ఒకటే అయినా రెండింటి బరువూ ఒకటి కాదు. అందుకే జాతి బరువుని ఒక హద్దుగా మాత్రమే చూడాలి. మాస్టిఫ్ మగవాటికైతే ఆ హద్దు 73 నుంచి 104 కిలోలు. ఆ తేడాలో ఓ నిండు ల్యాబ్ పడుతుంది!

మరి మీ మల్లికి ఎంత సరి అనేది చేతులే చెప్పాలి. దాన్ని నిలబెట్టి, వెనక నుంచి రెండు అరచేతులూ పక్కటెముకల మీద ఆనించండి. నొక్కకండి, ఊరికే ముందుకీ వెనక్కీ నిమరండి. ఇప్పుడు మీ చెయ్యే చూసుకోండి. పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాస్తే ఎముక గట్టిగా పొడుచుకొస్తుంది కదా, పక్కటెముకలు అలా తగిలితే కుక్క మరీ బక్కగా ఉన్నట్టు. చెయ్యి చాపి పైభాగం నిమిరితే ఎముకలు పల్చటి చర్మం కింద తెలుస్తాయి, అలా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. అరచేతి వైపు నిమిరినట్టు మెత్తగా ఉండి, నొక్కితే గానీ ఎముక దొరక్కపోతే కొవ్వు పట్టినట్టే. తర్వాత పైనుంచి చూడండి, పక్కటెముకలు దాటాక నడుం సన్నబడాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి వెళ్లేకొద్దీ పైకి ఎక్కాలి.

డాక్టర్లు దీన్నే 9 పాయింట్ల స్కేలు మీద వేస్తారు. 4, 5 మంచివి. 5 దాటిన ఒక్కో పాయింటుకీ సుమారు 10 శాతం ఎక్కువ బరువు అని లెక్క. మల్లికి 7 వస్తే దాని అసలు బరువు 30 కిలోల దగ్గర ఉండాలన్నమాట. పొడుగాటి కుక్క అయ్యి 6 వస్తే 33 దాకా సరిపోవచ్చు. డాక్టరుగారిని “మల్లికి స్కోరు ఎంత?” అని సూటిగా అడగండి, చెబుతారు.

ఖాళీ గిన్నె చూపు గురించి కూడా చెప్పాలి. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 2016లో ల్యాబ్‌లలో పీఓఎంసీ అనే జన్యువులో లోపం కనిపెట్టారు. సుమారు నాలుగింట ఒక ల్యాబ్‌కి అది ఉంటుంది. ఉన్నవాటికి తిండి యావ ఎక్కువ, బరువూ ఎక్కువ. కాబట్టి మల్లి అడిగినంత మాత్రాన దానికి కడుపు నిండలేదని అనుకోకండి. గర్భసంచి తీసేసే ఆపరేషన్ అయ్యుంటే ఒంటికి కావాల్సిన తిండి ఇంకా తగ్గుతుంది, మనం పెట్టే కొలత మాత్రం పాతదే ఉండిపోతుంది.

అత్తగారికి ఇది చెప్పండి: 48 ల్యాబ్‌లను జీవితాంతం గమనించిన ఒక అధ్యయనం 2002లో వచ్చింది. వాటిని జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులూ వాటికి ఆలస్యంగా వచ్చాయి. నాకు ఈ ఉద్యోగంలో ఎంతో నచ్చిన సంగతి ఇదే. మందూ మాకూ లేకుండా, గిన్నె కొలత సరిచేసి ఒక కుక్కకి ఏళ్లు కలపొచ్చు.

పగ్ 6.3–8.1 కిలోలు ఉండాలి. 11 అంటే చాలా ఎక్కువ. పైగా దానికి అసలే ముక్కు పొట్టి, ఊపిరి కష్టం. మీ అన్నయ్యగారిని ముందు తీసుకెళ్లమనండి.

పొట్టికాళ్ల_డాక్సీ
మంచి మాట చెప్పారు. చిన్న కుక్కల్లో అర కిలో కూడా చిన్నది కాదండీ. మూడు కిలోల చివావాకి అర కిలో పెరగడం, 30 కిలోల ల్యాబ్‌కి అయిదు కిలోలు పెరగడం ఒకటే. మాది డాక్స్‌హుండ్. వీటి సైజులను ఎఫ్‌సీఐ ఛాతీ చుట్టుకొలతతో విడదీస్తుంది. వెన్ను పొడుగు కాబట్టి బరువు పెరిగితే డిస్కుల మీద పడుతుంది, ఆ భయంతో మేం దీన్ని సోఫా కూడా ఎక్కనివ్వం.

మల్లి_వాళ్లింట్లో
చెయ్యి వేసి చూశానండీ. నొక్కితేనే ఎముక తగులుతోంది, పైనుంచి చూస్తే నడుం లేదు. ఆపరేషన్ నిరుడు అయింది. రేపటి నుంచి సగం తిండి పెట్టనా? ఎన్ని వారాల్లో తగ్గాలి?

తూకం_దగ్గరుండే_అమ్మాయి
సగానికి సగం వద్దు. మామూలు మేత అంత తగ్గిస్తే ప్రొటీను, విటమిన్లు కూడా తగ్గిపోతాయి. బరువు తగ్గడానికే చేసిన ఫీడ్ ఉంటుంది, కొలత మీ డాక్టరే రాసివ్వాలి. వారానికి ఒంటి బరువులో 1–2 శాతం తగ్గితే మంచిది. మల్లికి అది 360 నుంచి 720 గ్రాములు.

కప్పుతో కొలవకండి, వంటింటి తూకం మీద గ్రాముల్లో తూచండి. కప్పు కొలత చెయ్యి మారితే మారిపోతుంది. బిస్కెట్లు, ట్రీట్లు అన్నీ కలిపి రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు. అత్తగారు చేత్తో పెట్టకుండా ఉండలేకపోతే, పొద్దున్నే తూచిన మేతలోంచి గుప్పెడు తీసి ఆవిడకివ్వండి, అదే పెడతారు. రెండు వారాలకోసారి అదే తూకం మీద ఎక్కించండి. ఇంతా చేసినా రెండు నెలలకి ముల్లు కదలకపోతే థైరాయిడ్ పరీక్ష అడగండి.