ఏఎన్ఏ పాజిటివ్ వస్తే గర్భం నిలవదా?

మందారం:
నమస్తే అండీ. నాకు 31 ఏళ్లు. రెండుసార్లు గర్భం వచ్చి ఎనిమిదో వారం లోపే పోయింది, ఆ తర్వాత ఏడాదిగా అసలు రావడమే లేదు. హైదరాబాద్‌లో ఒక చోట టెస్టులు చేయిస్తే ఏఎన్ఏ (సొంత కణాల మీదే పనిచేసే యాంటీబాడీల టెస్టు) 1:80 పాజిటివ్, యాంటీ టీపీవో (థైరాయిడ్ మీద పనిచేసే యాంటీబాడీలు) ఎక్కువ, థైరాయిడ్ టెస్టు టీఎస్‌హెచ్ మామూలుగానే 2.1 వచ్చాయి. నా ఒంట్లోని యాంటీబాడీలే గర్భాన్ని నిలవనివ్వట్లేదని, ఇంట్రాలిపిడ్ ఎక్కించుకోవాలని అంటున్నారు. డబ్బు సంగతి అలా ఉంచితే ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఇది నిజమేనా?

గోదారిగట్టు:
మందారం గారూ, ముందు ఆ దిగులు మానండి. 1:80 ఏఎన్ఏ ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా చాలామందికి వస్తుంది. కీళ్ల నొప్పులు, ఎండకు దద్దుర్లు లాంటివి లేకపోతే ఆ ఒక్క రిపోర్టుకు పెద్ద అర్థం లేదు. గర్భం పోవడానికి కారణమని గట్టిగా తేలిన యాంటీబాడీలు మూడు: లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా 2 గ్లైకోప్రోటీన్. ఇవి మాయను (ప్లాసెంటాను) దెబ్బతీస్తాయి, రక్తం గడ్డకట్టేలా చేస్తాయి. మీకు ఈ మూడూ చేశారా?

సన్నజాజి:
ఈ యాంటీబాడీల సమస్యే నాకుంది, దాన్ని ఏపీఎస్ (యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్) అంటారు. ఒకసారి పాజిటివ్ వస్తే సరిపోదు, 12 వారాలు ఆగి మళ్లీ చేయించాలి, ఎందుకంటే ఏదైనా ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు కూడా కొన్నాళ్లు పాజిటివ్ చూపిస్తుంది. నాకు రెండోసారీ వచ్చాకే తక్కువ డోసు ఆస్పిరిన్, గర్భం వచ్చాక రోజూ పొట్టకు హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ఇంజెక్షన్ రాశారు. పొట్టంతా కమిలిపోయేది, అయినా పాప పుట్టింది. ఎవరో వాడారని మీరు సొంతంగా మొదలుపెట్టకండి, హెపారిన్ వాడుతుంటే లూపస్ యాంటీకోయాగులెంట్ టెస్టు కూడా తప్పుగా రావచ్చు.

వేపచెట్టు:
థైరాయిడ్ సంగతి నేను చెప్తాను. యాంటీ టీపీవో ఉండి టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నవాళ్లకు థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ ఇస్తే లాభమా అని బ్రిటన్‌లో పెద్ద అధ్యయనం చేసి 2019లో ఫలితాలు వేశారు. మాత్ర వేసుకున్నవాళ్లలో 37.4 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 37.9 శాతం మందికి బిడ్డలు పుట్టారు, అంటే తేడా లేదు. కాకపోతే గర్భం వచ్చాక టీఎస్‌హెచ్ పెరగొచ్చు కాబట్టి చూపించుకుంటూ ఉండాలి. ఇంట్రాలిపిడ్ అంటే సోయా నూనెతో చేసిన ద్రవం, నోటితో తినలేని రోగులకు బలం కోసం సెలైన్‌లా ఎక్కించేది, దానివల్ల గర్భం నిలుస్తుందని సరైన రుజువు లేదు. యూరప్ ఫెర్టిలిటీ డాక్టర్ల సంఘం 2023 సూచనల్లో కూడా వద్దనే ఉంది. ఇంకో మాట, తొలి వారాల్లో పోయే గర్భాల్లో ఎక్కువ వాటికి పిండంలోని క్రోమోజోముల తేడాయే కారణం, అందులో మీ తప్పేమీ లేదు. ఏడాదిగా రావట్లేదంటే ట్యూబులు, ఏఎంహెచ్ (అండాల నిల్వ చెప్పే టెస్టు), మీవారి వీర్య పరీక్ష చూశారా? చాలా ఇళ్లలో ఆ చివరిది చేయించరు, ఆడవాళ్లకే సూదులు గుచ్చుతుంటారు, నాకు భలే కోపం వస్తుంది.

మందారం:
రిపోర్టులన్నీ తీసి చూశాను. ఆ మూడింట్లో కార్డియోలిపిన్ ఒక్కటే చేశారు, నెగెటివ్. మావారికి ఏ టెస్టూ రాయలేదు. ఇంట్రాలిపిడ్ ఆపేసి, మిగతా రెండింటికీ, ఆయన పరీక్షకూ సోమవారం వెళ్తున్నాం.