ఆల్బన్ బాగ్బిన్: ఏడు పార్లమెంట్ల సభ్యుడు స్పీకర్ స్థానానికి ఎలా చేరారు?

ప్రశ్న: రాజనీతి శాస్త్ర విద్యార్థి

నమస్కారం. తులనాత్మక రాజకీయాల పాఠ్యాంశం కోసం ఘానా పార్లమెంటు గురించి చదువుతున్నాను. ఆ దేశపు వాయవ్య మూలనున్న నాడొలి ప్రాంతం నుంచి 1993లో తొలిసారి సభలో అడుగుపెట్టి, 2021 జనవరి వరకు ఒక్క విడత కూడా తప్పకుండా ఏడు పార్లమెంట్లలో కొనసాగిన ఆల్బన్ బాగ్బిన్, ఆ వెంటనే స్పీకర్‌గా ఎన్నికయ్యారు. ఆయనది నేషనల్ డెమోక్రటిక్ కాంగ్రెస్ (ఎన్‌డీసీ), అప్పటి దేశాధ్యక్షుడు నానా అకుఫో-అడోది న్యూ పేట్రియాటిక్ పార్టీ (ఎన్‌పీపీ). ప్రతిపక్షం మనిషి స్పీకర్ కావడం ఎలా సాధ్యపడింది? పైగా అంత అనుభవజ్ఞుడు మంత్రిగా సుమారు మూడేళ్ళే ఎందుకు పనిచేశారు? మన దగ్గర ఇన్నిసార్లు గెలిచిన నాయకుడి స్థాయిని మంత్రి పదవిని బట్టే కొలుస్తారు కనుక ఈ సందేహం కలిగింది.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి సమాధానం కూడా అందులోనే ఉంది. బాగ్బిన్ వృత్తిరీత్యా న్యాయవాది. 1992 డిసెంబరు పార్లమెంటు ఎన్నికలను ఎన్‌పీపీ బహిష్కరించినందువల్ల ఆయన ప్రవేశించిన తొలి సభలో 200 స్థానాలకు 189 ఎన్‌డీసీవే. అంటే చెప్పుకోదగ్గ ప్రతిపక్షమే లేని సభ. 2000 ఎన్నికల్లో ఆయన పార్టీ అధికారం కోల్పోయింది. ఆ తర్వాత ప్రతిపక్ష నాయకుడిగా గడిపిన సంవత్సరాలే ఆయన్ను తీర్చిదిద్దాయని నా అభిప్రాయం. నిబంధనల పుస్తకం అధికారపక్షానికి అలంకారం కావచ్చు గానీ, సంఖ్యాబలం లేనివాడికి ఆయుధం. 2009లో పార్టీ తిరిగి అధికారంలోకి వచ్చాక ఆయన అధికారపక్ష నాయకుడయ్యారు. 2010లో జలవనరులు, నిర్మాణాలు, గృహనిర్మాణ శాఖను, 2012లో ఆరోగ్య శాఖను చూశారు. అనంతరం మరోమారు అధికారపక్ష నాయకుడిగా, 2017 నుంచి రెండో ఉపసభాపతిగా వ్యవహరించారు. 2019లో అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడితే పార్టీ శ్రేణులు మాజీ దేశాధ్యక్షుడు జాన్ మహామా వైపే నిలిచాయి.

ఘానా రాజ్యాంగం 78వ అధికరణం ప్రకారం మంత్రుల్లో అధిక సంఖ్యాకులు పార్లమెంటు సభ్యులై ఉండాలి. దేశాధ్యక్షుడు మాత్రం సభ్యుడు కాడు. ఫలితంగా అధికారపక్ష సభ్యుల్లో చాలామంది చూపు మంత్రి పదవి మీదే ఉంటుంది. ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన సభకు దీనివల్ల కొంత బలం తగ్గుతుందన్న విమర్శ అక్కడ పాతదే. మంత్రి పదవులు వచ్చి పోయినా బాగ్బిన్ బతుకంతా సభలోనే గడిచింది.

ఇక స్పీకర్ ఎన్నిక సంగతి. 2020 డిసెంబరు ఎన్నికల్లో 275 స్థానాలకు ఎన్‌పీపీకి 137, ఎన్‌డీసీకి 137 వచ్చాయి. మిగిలిన ఒక్కరు ఫొమెనా నియోజకవర్గపు స్వతంత్ర సభ్యుడు. స్పీకర్ కావడానికి పార్లమెంటు సభ్యుడై ఉండనక్కరలేదు, సభ్యత్వానికి అర్హత ఉంటే చాలు. బాగ్బిన్ ఆ ఎన్నికల్లో పోటీ చేయలేదు. 2021 జనవరి 6 అర్ధరాత్రి దాటాక రహస్య ఓటింగ్‌లో పడ్డ ఓట్లను లెక్కిస్తుండగా ఒక సభ్యుడు బ్యాలెట్ పత్రాలు లాక్కొని పరుగెత్తాడు, తోపులాట ముదిరింది, సాయుధ సైనికులు సభామందిరంలోకి వచ్చారు. తెల్లవారాక, అప్పటివరకూ స్పీకర్‌గా ఉన్న మైక్ ఒక్వాయేపై బాగ్బిన్ గెలిచినట్లు తేలింది.

జవాబు: హైకోర్టు న్యాయవాది

పై సమాధానంలోని చరిత్రతో నాకు పేచీ లేదు. కానీ 2024 అక్టోబరు ఘట్టాన్ని వదిలేస్తే ఆయన గురించి సగమే చెప్పినట్లు. పార్లమెంటు గడువు ముగియకముందే నలుగురు సభ్యులు తర్వాతి ఎన్నికలకు వేరే గుర్తింపుతో నామినేషన్లు వేశారు. ముగ్గురు (ఇద్దరు ఎన్‌పీపీ, ఒకరు ఎన్‌డీసీ) స్వతంత్రులుగా, అప్పటిదాకా సభలో ఎన్‌పీపీ పక్షాన ఉన్న ఫొమెనా స్వతంత్ర సభ్యుడు ఎన్‌పీపీ తరఫున. సభ్యుడి స్థానం ఎప్పుడు పోతుందో చెప్పే 97వ అధికరణాన్ని చూపి అక్టోబరు 17న బాగ్బిన్ ఆ నాలుగు స్థానాలూ ఖాళీ అయినట్లు ప్రకటించారు. ఆ ప్రకటనతో ఎన్‌డీసీ 136, ఎన్‌పీపీ పక్షం 135 అయి, సభలో అధికసంఖ్యాక పక్షం ఏదన్నదే మారిపోయింది! సుప్రీంకోర్టు మరుసటి రోజే ఆ నిర్ణయం అమలును నిలిపివేసింది. నవంబరు 12న 5–2 మెజారిటీతో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ప్రస్తుత సభలో ఉంటూనే పార్టీ మారితేనే స్థానం పోతుంది తప్ప, రాబోయే సభ కోసం నామినేషన్ వేసినంత మాత్రాన పోదన్నది ఆ తీర్పు సారాంశం.

బాగ్బిన్ వైపు ఒక బలమైన వాదన ఉంది. 2020లో ఇదే ఫొమెనా సభ్యుడు స్వతంత్రుడిగా నామినేషన్ వేసినప్పుడు, అప్పటి స్పీకర్ ఒక్వాయే ఆ స్థానాన్ని ఇలాగే ఖాళీగా ప్రకటించారు. అయితే స్థానం ఖాళీ అయిందా లేదా అన్న వివాదాన్ని తేల్చే అధికారాన్ని 99వ అధికరణం హైకోర్టుకు ఇచ్చింది. పార్టీ ఫిరాయింపులను నిరోధించే మన రాజ్యాంగపు పదో షెడ్యూల్‌లో తీర్పరి స్పీకరే. తెలంగాణలో పదిమంది ఎమ్మెల్యేల ఫిరాయింపు పిటిషన్లపై మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఇక్కడి ఫిర్యాదు స్పీకర్ తేల్చడం లేదని. ఘానా రాజధాని అక్రాలో ఫిర్యాదు వెంటనే తేల్చేశారని.

ప్రశ్న: రాజనీతి శాస్త్ర విద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ తీర్పు ఆయన పదవికి ఎసరు పెట్టలేదా?

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు

లేదండీ. 2024 డిసెంబరు 7 ఎన్నికల్లో ఎన్‌డీసీ భారీ మెజారిటీతో గెలిచింది, మహామా తిరిగి అధ్యక్షుడయ్యారు, 2025 జనవరి 7న బాగ్బిన్ పోటీ లేకుండానే మళ్ళీ స్పీకర్ అయ్యారు. మొదటిసారి సైనికులు రావాల్సి వచ్చిన ఎన్నికకు ఈసారి ఓటింగే అవసరపడలేదు. అయితే న్యాయవాదిగారు చెప్పిన 97వ అధికరణంపై వ్యాఖ్యానం ఇప్పుడు కోర్టు చెప్పినదే. ఎన్‌డీసీ సభ్యుడెవరైనా రేపు సొంత పార్టీపై అలిగి స్వతంత్రుడిగా నామినేషన్ వేస్తే, అతని స్థానానికీ ఆ తీర్పే రక్ష.